పట్కారు, కత్తెర, మలయవతి

ముందుగా ఒక మాట. ఈ టపా పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి మాత్రమే. ఆఫీసులో మీ పక్క సీటాయనకి భుజం మీంచి తొంగిచూసే అలవాటుంటే ఇంటికెళ్లాక తీరిగ్గా చదువుకోండి. బూతేమీ లేదు గానీ, ఆయనకి వివరించి చెప్పే ఓపిక మీకు ఉండకపోవచ్చు :)

సంగతి ఇలా మొదలైంది. ఇంజనీరింగులో నా బెంచిమేటు ఒకడున్నాడు. పెళ్లయి రెండేళ్లు. ఒక రాత్రి ఫోను చేసి, "ఒరేయ్, నువ్వు పనికిరానివన్నీ చదువుతుంటవు గదా, ఒకటడుగుతా, నవ్వకు" అన్నాడు. నవ్వనన్నాను. వాడికీ వాళ్లావిడకీ పడకటింట్లో కాస్త నొప్పి కలిసిన ఆట ఇష్టం. ఇద్దరికీ ఇష్టమే, ఆ మాట ఆమే నాతో ఫోన్లో చెప్పింది. ఒక రోజు దండెం మీది బట్టల క్లిప్పులు తెచ్చి ఆమె చనుమొనలకి పెట్టారు. ఏదో సినిమా నడుస్తోంది, కబుర్లలో పడ్డారు, పది నిమిషాలనుకున్నది ముప్పావుగంట అయింది. పెట్టినంతసేపూ పెద్దగా నొప్పి లేదట. తీసిన క్షణంలో మాత్రం ఆమె గిలగిల్లాడిపోయింది. తర్వాత రెండు రోజులు ఆ చోట స్పర్శ సరిగ్గా తెలియలేదు. మూడో రోజు డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ డాక్టరు ఎంతసేపు ఉంచారు, ఏం వాడారు అని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా, మొగుణ్ణి పక్కకి పిలిచి సంస్కృతి గురించి పాఠం చెప్పి పంపాడు. ఆమె అవమానంతో ఇక ఏ డాక్టరు దగ్గరికీ రానంది. (వారంలో తగ్గిపోయింది, కంగారు పడకండి.)

మా వాడి అసలు బాధ వేరే. "ఇదంతా తెల్లోళ్ల సైట్లు చూసి నేర్చుకున్న రోగమేనారా? మనోళ్లకి ఇసొంటివి లేవా?"

నేను నవ్వనని మాటిచ్చాను కాబట్టి నవ్వలేదు. కానీ జవాబు తెలిస్తే మీరు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేరు. ఎందుకంటే ఈ విషయం మీద మన దగ్గరున్న పాత పుస్తకాల్లో బాగా పేరున్నది ఈ అలవాటు దక్షిణాదివాళ్లదేనని చెప్తుంది. దాని వల్ల ప్రాణాలు పోయాయనీ చెప్తుంది. చంపినవాళ్లలో ఒకడు శాతవాహన రాజు.

పుస్తకం వాత్స్యాయనుడి కామసూత్రం. కాలం సుమారుగా క్రీస్తు శకం మూడో శతాబ్దం అంటారు. మనలో చాలామందికి ఈ పేరు వినగానే గుర్తొచ్చేది బస్టాండు బడ్డీకొట్లో వేలాడే పుస్తకం అట్ట. లోపల ఏముందో చూసినవాళ్లు తక్కువ. అందులో రెండో అధికరణం ఏడో అధ్యాయం మొత్తం కొట్టడం గురించీ, కొట్టినప్పుడు వచ్చే శబ్దాల గురించీ. కామం ఒక రకంగా కలహం లాంటిదే కాబట్టి దెబ్బ కూడా దానిలో భాగమేనంటాడు. ఎక్కడ కొట్టొచ్చో జాబితా ఇస్తాడు: భుజాలు, తల, రొమ్ముల నడిమి చోటు, వీపు, పిరుదులు, పక్కలు. చేతిని ఎలా పట్టాలో నాలుగు రకాలు చెప్తాడు: చేతి వెనక వైపుతో, వేళ్లు కాస్త వంచి, పిడికిలితో, చదునైన అరచేత్తో.

ఆ తర్వాత, దక్షిణాత్యులు ఈ నాలుగింటికి ఇంకో నాలుగు కలిపి ఎనిమిది చేస్తారంటాడు. రొమ్ము మీద కీల, తల మీద కర్తరి, చెంపల మీద విద్ధ, స్తనాల మీదా పక్కల మీదా సందంశిక. కీల అంటే మేకు. కర్తరి అంటే కత్తెర. విద్ధ అంటే పొడిచేది. సందంశిక అంటే పట్టకారు. బంట్వారంలో మా అమ్మ వేడి గిన్నె దించడానికి వాడే పట్కారే.

ఇక్కడొక చిక్కుంది. ఇవి నిజంగా ఇనప సామాన్లు కావు. చేతి వేళ్లని ఆ ఆకారంలో పెట్టి కొట్టడానికో పట్టడానికో పెట్టిన పేర్లు. పదమూడో శతాబ్దంలో జయమంగళ వ్యాఖ్య రాసిన యశోధరుడు వీటిని చేతి భంగిమలుగానే వివరిస్తాడు. సందంశిక అంటే వేళ్ల మధ్య మాంసాన్ని పట్టి లాగడం. అంటే మా వాడు దండెం మీంచి తెచ్చిన క్లిప్పు పని వేళ్లతో చెయ్యడమన్నమాట. 1883లో రిచర్డ్ బర్టన్ పేరుతో వచ్చిన ఇంగ్లీషు అనువాదం చదివితే మాత్రం ఎవరో నిజం కత్తెర, నిజం పట్టకారు పట్టుకుని పడకగదిలోకి వచ్చినట్టుంటుంది. ఆ అనువాదం చదివి 'అబ్బో ఇండియన్లు' అని ముక్కున వేలేసుకున్న దొరలెందరో మరి.

ఈ దెబ్బల గుర్తులు ఆ ప్రాంతపు స్త్రీల రొమ్ముల మీద కనిపిస్తాయనీ, ఇది దేశాచారమనీ వాత్స్యాయనుడు రాస్తాడు. వెంటనే తన తీర్పూ చెప్తాడు: ఇది బాధపెట్టేది, మర్యాదస్తుల పని కాదు, దీన్ని ఆదరించకూడదు. ఒక చోటి ఆచారాన్ని ఇంకో చోటికి మోసుకెళ్లొద్దంటాడు. ప్రాణం మీదికి తెచ్చేదైతే ఆచారం ఉన్నచోట కూడా మానెయ్యమంటాడు. ఉత్తరాది పండితుడు దక్షిణాది మీద మూతి తిప్పుకోవడం ఇందులో కొంత ఉంది, కాదనను. అదే పుస్తకంలో ఆంధ్ర స్త్రీల గురించి రాసిన మాటలు చదివితే మీకు ఒళ్లు మండుతుంది. ప్రాంతానికో ముద్ర వేసే జబ్బు అప్పట్నుంచీ ఉంది. కానీ తర్వాతి మూడు వాక్యాల కోసం ఆయన్ని ఎంతైనా క్షమించొచ్చు.

ఆ మూడూ మన భాషలో చెప్పాలంటే ఇన్సిడెంట్ రిపోర్టులు.

ఒకటి: చోళరాజు కీల దెబ్బతో చిత్రసేన అనే గణికని చంపాడు. రెండు: కుంతల దేశపు శాతకర్ణి శాతవాహనుడు కర్తరితో తన పట్టపురాణి మలయవతిని చంపాడు. మూడు: చెయ్యి వంకరగా ఉన్న నరదేవుడు విద్ధని తప్పుగా ప్రయోగించి ఒక నటికి కన్ను పోగొట్టాడు. (మొదటిది బర్టన్ అనువాదంలో పాంచాలరాజు, మాధవసేన అని ఉంటుంది. సంస్కృత పాఠంలో మాత్రం చోళుడు, చిత్రసేన.)

ఏం జరిగింది, ఏ పద్ధతి వాడారు, ఎవరు చేశారు, ఎవరికి ఏమైంది. మూడోదానికి మూల కారణం కూడా రాశాడు: చేతి లోపం. దాదాపు పదిహేడు వందల ఏళ్ల కింద ఒక మనిషి పడకటింటి ప్రమాదాల్ని రాజుల పేర్లతో సహా రాసి పెట్టాడంటే మామూలు విషయం కాదు. ఇప్పుడు మన దగ్గర ఎవరు రాస్తున్నారు? మా వాడి కేసు ఆ డాక్టరు చీటీలో ఏమని ఉందో తెలుసా? 'చర్మం దురద' అని.

శాతవాహనుడనగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా బంట్వారం వికారాబాద్ జిల్లాలో పడమటి కొసన ఉంటుంది. తాండూరు దాటి ఇంకొంచెం పోతే కర్ణాటక. పాతకాలంలో కుంతల దేశమనేది సుమారుగా ఉత్తర కర్ణాటక, దక్షిణ మహారాష్ట్ర ప్రాంతం. అంటే ఆ శాతకర్ణి రాజ్యం మా ఇంటికి పడమర దిక్కున మొదలయ్యేది. ఇటు ఈశాన్యంగా వెళ్తే సంగారెడ్డి దగ్గర కొండాపూర్. మన హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదండోయ్, అసలైన కొండాపూర్. 1940లలో నిజాం పురావస్తు శాఖ అక్కడి దిబ్బలు తవ్వితే శాతవాహనుల కాలపు ఊరే బయటపడింది. నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు ఇప్పుడక్కడి మ్యూజియంలో ఉన్నాయి. నేను చూశాను. పూసలు చూస్తుంటే, ఇవి ఎవరో ఒకావిడ మెడలోవే కదా అనిపిస్తుంది.

శాతవాహన రాణులు నోరు లేనివాళ్లేం కాదు. నానేఘాట్ శాసనం నాగనికది. నాసిక్ శాసనంలో గౌతమీ బాలశ్రీ తన కొడుకు గొప్పని వరసబెట్టి చెక్కించింది. ఆ రాజులు పేరు ముందు తల్లి పేరు పెట్టుకున్నారు: గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర. అదే వంశంలో మలయవతి గురించి నాకు దొరికిన సమాచారమంతా ఆ ఒక్క వాక్యం. ఆమె ఎలా చచ్చిపోయిందన్నది మాత్రమే. ఇంకో విచిత్రం చూడండి. కామసూత్రం ఎప్పటిదో తేల్చడానికి చరిత్రకారులు వాడే ఆధారాల్లో ఈ వాక్యం ఒకటి. శాతకర్ణి పేరుంది కాబట్టి పుస్తకం అతని తర్వాతిదే అయ్యుండాలని లెక్క. పాపం ఆమె చావు టైమ్‌స్టాంపుగా పనికొచ్చింది.

ఆమెకి ఆ ఆట ఇష్టమేనా? ఒప్పుకుందా? 'చాలు' అందా? అంటే అతను విన్నాడా? ఈ ప్రశ్నలతోనే నేను మళ్లీ ఆ అధ్యాయం మొదటికి వెళ్లాను. అక్కడ దొరికింది చూసి కాసేపు పుస్తకం మూసేశాను.

దెబ్బ తగిలినప్పుడు స్త్రీ చేసే శబ్దాల జాబితా ఉంటుంది అందులో. కొన్ని మూలుగులు, కొన్ని పక్షి కూతల లాంటివి. వాటితో పాటు మాటలు: అమ్మా అనే అర్థం వచ్చేవి, వద్దు అనే అర్థం వచ్చేవి, వదులు అనేవి, చాలు అనేవి. వీటన్నిటినీ సీత్కారాలతో కలిపి ఒకే వరసలో పెట్టాడు. అంటే 'వద్దు', 'చాలు', 'వదిలెయ్' అన్నవి ఆపమని చెప్పే మాటలుగా కాక, ఆటలో వినిపించే సంగీతంగా లెక్క.

బగ్ ఇక్కడుంది! చేతి కోణం దగ్గర్నుంచి ప్రాంతీయ ఆచారం దాకా అన్నిటికీ జాగ్రత్త రాశాడు. ఆవేశంలో ఉన్నవాళ్లు దూకుడు మీదున్న గుర్రంలా ముందున్న గోతిని చూడరని హెచ్చరించాడు. ఎదుటి మనిషి సుకుమారమెంత, తట్టుకునే శక్తి ఎంత, నీ బలమెంత అని చూసుకుని చెయ్యమన్నాడు. ఇంకో చోట కొత్త పెళ్లికూతుర్ని బలవంతపెట్టొద్దని, వాళ్లు పువ్వుల్లాంటివాళ్లని కూడా అన్నాడు. మంచివాడే. కానీ ఈ అంచనాలన్నీ కొట్టేవాడి తలలోనే జరగాలి. దెబ్బ తినే మనిషి నోట్లోంచి వచ్చే ఏ మాటా ఆటని ఆపలేదు, ఎందుకంటే ఆ మాటలన్నీ అప్పటికే ఆటలో భాగమైపోయాయి.

నెట్‌వర్కింగ్ చదివినవాళ్లకి వెంటనే అర్థమయ్యే సంగతి ఇది. డేటా వెళ్లే దారిలోనే కంట్రోల్ సిగ్నల్ పంపిస్తే, ఏది డేటానో ఏది ఆదేశమో అవతలివాడికి ఎలా తెలుస్తుంది? డేటాలో ఎప్పటికీ రాని ఒక గుర్తు కావాలి, లేకపోతే వేరే దారి కావాలి. పడకగదిలో ఆ గుర్తు పేరే సేఫ్ వర్డ్. 'వద్దు' అనేది ఆటలో వచ్చే అవకాశముంది కాబట్టి, ఆటలో ఏ రకంగానూ రాని మాట ఒకటి ముందే అనుకుంటారు. అది వినపడితే అంతే, ఎందుకు ఏమిటి అనకుండా అన్నీ ఆపెయ్యాలి. నోరు కట్టేసి ఉంటే చేతిలో గుత్తి పట్టుకుని కింద పడేయడమో, మంచం మీద మూడుసార్లు తట్టడమో అనుకుంటారు. ముందే అనుకోనివాళ్లకి నియమం ఇంకా సులువు: 'వద్దు' అంటే వద్దే.

ఈ పద్ధతి ఒక్క రోజులో రాలేదు, పండితులూ చెయ్యలేదు. అమెరికాలో ఈ ఆటలాడే జనమే, అందులోనూ గే సంఘాలవాళ్లు, తమలో తాము చర్చించుకుని తయారు చేసుకున్నారు. క్షేమంగా, తెలివి మీద ఉండి, ఇష్టపూర్వకంగా అనే మూడు మాటల సూత్రం 1983లో న్యూయార్క్‌లోని గే మేల్ ఎస్/ఎం యాక్టివిస్ట్స్ అనే సంఘం కాగితాల్లో వచ్చింది. రాసిందెవరంటే డేవిడ్ స్టీన్ అంటారు. తర్వాత 1990ల చివర్లో, ఏ పనీ నూటికి నూరు శాతం క్షేమం కాదు, ప్రమాదమెంతో తెలుసుకుని ఒప్పుకోవడం ముఖ్యం అని ఇంకొందరు సవరణ తెచ్చారు. నాకు రెండోదే సరైనదనిపిస్తుంది.

కోర్టులు మాత్రం వేరే దారిలో వెళ్లాయి. ఇంగ్లండులో 1980ల చివర్లో పోలీసులు కొందరు మగవాళ్లని పట్టుకున్నారు. అందరూ పెద్దవాళ్లే, అందరూ ఒప్పుకునే చేశారు, ఆపడానికి కోడ్ మాట కూడా పెట్టుకున్నారు, ఎవరికీ వైద్యం అవసరపడలేదు. అయినా శిక్షలు పడ్డాయి. ఐదుగురు అప్పీలుకి వెళ్తే 1993లో హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2తో కొట్టేసింది: ఇలాంటి గాయానికి ఒప్పుకోలు సమర్థన కాదంది. 1997లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టూ జోక్యం చేసుకోలేదు. ఎవరూ ఆసుపత్రికి వెళ్లని చోట జైలు. రాణి చచ్చిపోయిన చోట ఒక సూత్రవాక్యం.

మన దగ్గర 1860 నాటి శిక్షాస్మృతిలో 87వ సెక్షన్ ఉండేది, ఇప్పుడది 2023 భారతీయ న్యాయ సంహితలో 25వది. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి ఒప్పుకుంటే, ప్రాణహాని గానీ తీవ్రగాయం గానీ చేసే ఉద్దేశం లేకుండా, అలా జరగొచ్చని తెలియకుండా చేసిన పని నేరం కాదని దాని సారాంశం. చట్టం ఇచ్చిన ఉదాహరణ కత్తిసాము ఆట. భయపడి ఒప్పుకుంటే అది ఒప్పుకోలే కాదని ఇంకో సెక్షనుంది. ఇంతవరకు బాగానే ఉంది. అదే చట్టంలో అత్యాచారం నిర్వచనం దగ్గర భర్తకి మినహాయింపు ఇచ్చే వాక్యం 1860లోనూ ఉంది, 2023లోనూ ఉంది. మలయవతి 'వద్దు' అని ఉంటే ఎవరికి చెప్పుకునేదో నాకైతే తెలీదు.

సరే, మా వాడి ప్రశ్నకి ఇంత చరిత్ర చెప్పాక వాడు "అదంతా సరేరా, క్లిప్పు సంగతి చెప్పు" అన్నాడు. న్యాయమే. వాత్స్యాయనుడు పట్కారు గురించి వివరం రాయలేదు కాబట్టి ఆ లోటు నేను పూరించాల్సి వచ్చింది.

క్లిప్పు చేసేదేంటంటే చనుమొనకి నెత్తురు పోకుండా నొక్కి పెట్టడం. మొదట చురుక్కుమంటుంది, తర్వాత మొద్దుబారుతుంది. మొద్దుబారడాన్ని చూసి 'అలవాటైపోయింది' అనుకోవడమే మా వాళ్లు చేసిన తప్పు. అసలు నొప్పి తీసినప్పుడు వస్తుంది, ఆగిన నెత్తురు ఒక్కసారి తిరిగొస్తుంది కాబట్టి. అందుకే పది పదిహేను నిమిషాలకి మించి ఉంచకూడదని అనుభవమున్నవాళ్లు చెప్తారు, కొత్తవాళ్లయితే ఐదు నిమిషాలు చాలు. ఫోన్లో అలారం పెట్టుకోండి, సిగ్గేం లేదు, కుక్కర్‌కి విజిళ్లు లెక్కపెట్టుకోమా? తీసేటప్పుడు లాగి పీకకుండా మెల్లగా తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి తీసి, అరచేత్తో కాసేపు మెత్తగా అదిమి పట్టుకోవాలి.

బట్టల క్లిప్పు చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ దాని స్ప్రింగు తడి జీన్సుని గాలికి ఎగరకుండా పట్టడానికి చేసింది, బిగువు తగ్గించే మార్గం లేదు. మర తిప్పి బిగువు మార్చుకునేవి, కొసలకి రబ్బరు తొడుగున్నవి నయం. ముందు మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న పలుచటి చర్మానికి పెట్టి చూసుకోండి. మొన చివర్న కాకుండా కాస్త వెనక, ఎక్కువ కండ పట్టేలా పెట్టాలి. లాగితే ఇంకా బిగుసుకునే రకం ఒకటుంటుంది, గొలుసు దేనికైనా తగులుకుందంటే అంతే సంగతులు, కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. రంగు తెల్లబడినా నల్లబడినా నీలంగా మారినా తీసెయ్యాలని పుస్తకాల్లో రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద రంగు మార్పు తొందరగా కనపడదు, కాబట్టి చల్లబడిందా, తాకితే తెలుస్తోందా అని చూడటం మేలు. మందు తాగి ఉంటే నొప్పి తెలియదు, ఆ రోజుకి మానెయ్యండి. క్లిప్పు పెట్టి, అదీ కట్టేసి ఉన్న మనిషిని వదిలి డెలివరీ అబ్బాయి కోసం కిందికి వెళ్లడం అస్సలు కుదరదు.

బిడ్డకి పాలిచ్చేవాళ్లు, అక్కడ పుండో పగులో కొత్త కుట్టుపోగో ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు ఈ ఆట పెట్టుకోకపోవడం మంచిది. తీశాక స్పర్శ తిరిగి రాకపోయినా, రంగు మామూలు కాకపోయినా, నెత్తురో చీమో కారినా, వేడెక్కి వాచినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మొదటి డాక్టరు నీతిపాఠం చెప్తే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లండి. "క్లిప్పు ఇంతసేపు పెట్టాం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అబద్ధం చెప్తే వైద్యం అబద్ధానికే జరుగుతుంది.

ఇవన్నీ వాడికి చెప్పాను. వాడు నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాడు కూడా, పరీక్ష ముందు రాసుకున్నట్టు. నెల తర్వాత తాండూరు స్టేషన్లో ఇద్దరూ కనిపించారు. ఆమెని "బాగున్నారా వదినా" అని పలకరించాను. వాడు నా చెవిలో, మాట ఒకటి ఖాయం చేసుకున్నామురా, ఆమెనే పెట్టింది అన్నాడు. ఏం మాట అని అడిగితే ఆమెకి వినపడి, వాడి కంటే ముందే జవాబిచ్చింది.

"కందిపప్పు."

ఇద్దరిదీ తాండూరే మరి. ఇప్పటిదాకా రెండుసార్లు వాడిందట, రెండుసార్లూ వాడు ఆగాడట. ఒకసారి మాత్రం నిజంగానే వంటింట్లో పొయ్యి మీద పప్పు పెట్టిన సంగతి గుర్తొచ్చి అరిచిందట. దానికీ ఆగాడు.